తాటిచెట్ల మీద తేలిన బీమా ముచ్చట

నేను ఒక మోకును. తాడే కదా అని తీసిపారేయకండి. బావిలో చేద దించే తాడును కాను, బర్రెను కట్టేసే పలుపును అంతకన్నా కాను. తాటిచెట్టునూ, దాన్ని ఎక్కే మనిషినీ కలిపి నన్ను చుట్టుకుంటారు. కల్లు గీసే మనిషి చెట్టు చివరికంటా పోయి, నడుము నా మీద ఆనించి, వెనక్కి వాలి, రెండు చేతులూ చెట్టు మీంచి తీసేస్తాడు. ఒక చేత్తో గెల పట్టుకుని, ఇంకో చేత్తో కత్తి ఆడిస్తాడు. కింద నేల ఎక్కడో ఉంటుంది. ఆ కాసేపూ అతడికి లోకంలో ఉన్న ఆధారమల్లా నేనే. మొదటిసారి అలా వాలినప్పుడు నాకు భయం వేసింది. అతడికి వేయలేదు. ఆ ఆశ్చర్యం నాకు ఈనాటికీ తీరలేదు.

నన్ను పేనినవాడు నల్లగొండ వైపు రేగులగడ్డ అనే ఊళ్లో పోచయ్య అనే ముసలాయన. నార నానబెట్టి, దంచి, పేని, మీద తోలు చుట్టాడు. పేనినంతసేపూ ఎవరితోనూ మాట్లాడలేదు. మోకు పేనేటప్పుడు ధ్యాస పక్కకు పోకూడదని ఆయన పట్టింపు. నన్ను మొదట కట్టుకున్న లచ్చుమయ్య కొన్నేళ్లకే చెట్టు వదిలి, హైదరాబాదులో ఏదో అపార్టుమెంటుకు కాపలా ఉద్యోగానికి పోయాడు. ఒకరు కట్టిన మోకు ఇంకొకరు కట్టరాదంటారు. కానీ నా పేనికమీద మనసుపడిన గునగంటి ముత్యాలు, చెట్లెక్కేవాళ్ల దేవుడు కాటమయ్య ముందు పెట్టి దండం పెట్టి నన్ను తీసుకున్నాడు. దేవుడి అనుమతి దొరికాక మనుషుల పట్టింపులు ఎంత తొందరగా సడలుతాయో అప్పుడే తెలిసింది.

ముత్యాలు నెమ్మదస్తుడు. ఎక్కే ముందు నన్ను కళ్లకద్దుకునేవాడు. అతడి భార్య అండాలు కల్లు పట్టే లొట్లు కడిగి, కల్లు మండువకు మోసేది. కల్లు మండువ అంటే సొసైటీ వాళ్లు కల్లు అమ్మే పాక. దాని పక్కనే ఒక గది, గదిలో కుర్చీలు, ఒక ఫ్యాను. ఊళ్లో చెట్లెక్కేవాళ్లందరూ ఆ సొసైటీ సభ్యులే. మేం మోకులం ఆ గది గోడలకు వేలాడుతూ వాళ్ల మీటింగులన్నీ వినేవాళ్లం.

ఆరోగ్య బీమా అనే మాట నేను మొదట విన్నది అక్కడే. పట్నం నుంచి బీమా కంపెనీ తరఫున ఒక సన్నటి అబ్బాయి వచ్చాడు. అందరూ ఏటా కొంత ప్రీమియం కడితే, వాళ్లలో ఎవరు ఆసుపత్రి పాలైనా ఆ సొమ్ములోంచి ఖర్చు ఇస్తారట. ప్రీమియంలో మూడు వంతులు సర్కారే కడుతుందట, సభ్యుడు కట్టాల్సింది ఒక్క వంతు. ఎవరికి జబ్బు వస్తుందో తెలియకుండా అందరూ ముందే కట్టడం నాకు వింతగా తోచింది. నన్ను కట్టుకున్నవాడిని మాత్రమే నేను మోస్తాను. ఎదురుగా లేని మనిషిని, ఇంకా రాని రోగానికి మోయడమేమిటో నాకు అంతుబట్టలేదు.

ఫోటో కావాలంటూ ఆ అబ్బాయి నన్ను కట్టుకుని చెట్టు దగ్గర నిలబడ్డాడు. నేలకు జానెడు ఎత్తు ఎక్కి చెట్టును రెండు చేతులా కావలించుకున్నాడు.

"వెనుకకు వాలుండ్రి సారు, ఏంగాదు," అన్నాడు ముత్యాలు.

"వద్దండీ. బాగానే ఉంది కదండీ, ఇలాగే తీసేయండి."

అందరూ నవ్వారు. అబ్బాయికి పౌరుషం వచ్చింది. కళ్లు గట్టిగా మూసుకుని ఒక్క క్షణం వాలాడు.

"అమ్మో! పట్టుకుందండీ!" అని కేకపెట్టి, కళ్లు తెరిచి, చిన్నపిల్లాడిలా నవ్వేశాడు. మనుషులను నమ్మించే ఉద్యోగంలో ఉన్నవాడు తాను నమ్మడానికి అంత కష్టపడ్డం చూసి నాకూ ముచ్చటేసింది. ఆ రోజు సొసైటీ మొత్తం బీమాలో చేరింది.

కొన్నేళ్లు బాగానే గడిచింది. ఒకరి కాలు విరిగింది, ఒకరి భార్యకు కడుపులో గడ్డ తీశారు. బీమా ఆదుకుంది. తర్వాత ఒక మార్చి నెలలో కబురొచ్చింది. సర్కారు ఇకమీదట మూడు వంతులు కట్టదు, సగమే కడుతుంది. మిగతా సగం సభ్యులే పెట్టుకోవాలి. పైగా సొసైటీలో ముప్పాతిక మంది చేరకపోతే అందరికీ పాలసీ రద్దు. సరిగ్గా అదే నెలలో పట్నం డాక్టరు అండాలు ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. గుండెలో ఒక కవాటం పాడైందనీ, ఏప్రిల్‌లో ఆపరేషన్ చేయాలనీ, ఆలస్యం చేస్తే మనిషి దక్కదనీ చెప్పాడు. పేదలకిచ్చే ఉచిత వైద్యం కార్డు వాళ్ల ఇంటికి లేదు. కొడుకు అప్పు చేసి కిరాయికి తిప్పే కారు కొన్నందుకు వీళ్లు ఉన్నవాళ్ల లెక్కలోకి పోయారు. ఇక మిగిలింది సొసైటీ బీమా ఒక్కటే. ఈ సంగతి ముత్యాలు ఇంటి గడప దాటనివ్వలేదు. చెట్టు మీద మాత్రం కత్తి ఆపి, ఊరికే ఆకాశంలోకి చూస్తుండేవాడు.

మీటింగు మధ్యాహ్నం పెట్టారు. సొసైటీ అధ్యక్షుడు బూడిద సత్తయ్య విషయం చెప్పగానే గదంతా లొల్లి అయింది. లేచి నిలబడింది నరేందర్. ముప్పై ఏళ్లు దాటని మనిషి, ఊళ్లో అతడంత వడిగా చెట్టెక్కేవాడు లేడు.

"సర్కారు ఇస్తనన్నది ఇయ్యాలె. ఏండ్ల సంది చెట్టు పన్ను కట్టినోళ్లం, మనమేమన్న బిచ్చమడుగుతున్నమా? ఇయ్యాల సగమన్నరు, రేపు పావలా అంటరు. మనం కట్టుకుంట పోతే ఆళ్లు తగ్గించుకుంటనే పోతరు. బందువెడితెనే దిగొస్తరు," అన్నాడు. కూర్చోబోతూ, "నాకైతే ఇన్నేండ్లల జరం గూడ రాలే," అన్నాడు.

"రోగం నిన్నడిగి వస్తదారా?" అన్నాడు సత్తయ్య.

"వచ్చినప్పుడు జూద్దాం. పిల్లల ఫీజులు ఇప్పుడే వచ్చి కూసున్నయ్ గదనే."

అతడన్నది అబద్ధమేమీ కాదు. నిజానికి రెండు వైపులా న్యాయం ఉన్నట్టే అనిపించింది నాకు. గోడకు వేలాడేవాళ్లకు ఆ సౌకర్యం ఉంటుంది. నా బాధల్లా ముత్యాలు గురించే. అతడు నోరు విప్పితే చాలు, ఆ గదిలో ఒక్క చెయ్యి కూడా బీమాకు అడ్డం లేవదు. అతడు మాత్రం నేల చూస్తూ కూర్చున్నాడు.

ఎందుకో మీకు చెప్పాలి. ఆ సొసైటీలో ఏడాదికొకరు చెట్లు పంచుతారు. ఏ చెట్టు ఎవరిదో తేల్చేవాడు అందరి తర్వాత, మిగిలినవే తీసుకోవాలి. ఆ ఏడాదంతా సొసైటీలో తనకోసం ఏదీ అడగకూడదు. ఆ ఏడు పంచింది ముత్యాలు. మంచి చెట్టు అడగడానికీ, భార్య ప్రాణం దక్కించమని అడగడానికీ అతడి మనసులో తేడా లేకుండా పోయింది. మనుషులు తమను తాము కట్టేసుకునే ముళ్లు విప్పడం మావల్ల కాదు.

"ముత్యాలూ, నువ్వేమంటవ్?" అని సత్తయ్య అడిగాడు కూడా.

"ఎవలిష్టం ఆళ్లది," అన్నాడు ముత్యాలు.

ఆ మాట విని, పెద్దమనిషికే అక్కర లేనప్పుడు మనకెందుకులే అనుకున్నారు అందరూ. చేతులు లేచాయి. బీమా వదిలేయడానికే ఎక్కువ లేచాయి. మర్నాడు మధ్యాహ్నం పట్నం పోయి ఆ సంగతి చెప్పి వస్తానన్నాడు సత్తయ్య.

మర్నాటి తెల్లవారుజామున మేం చెట్టెక్కాం. తూర్పున ఇంకా ఎరుపు తేలలేదు. తాటితోపు అంతా మనుషులు పైకి పాకుతున్నారు. పక్క చెట్టు నరేందర్‌ది. ఇద్దరూ గెలల దగ్గరకు చేరి వెనక్కి వాలారు. వాళ్ల మధ్య ఉన్నది గాలే. అక్కడి వాళ్లకు ఒక నియమముంది. చెట్టు మీద ఉన్నవాడు అబద్ధమాడకూడదు. ఆడితే చెట్టు పట్టు వదిలేస్తుందని నమ్మకం. కిందికి దిగాక ఎన్ని ఆడినా అడిగేవాడు లేడు, వాళ్లూ ఆ లోటేమీ రానివ్వరు.

"మామా," అని కేకేశాడు నరేందర్. "నిన్న నీ మొకం నేను జూసిన. ఏమో దాస్తున్నవ్. ఏంది?"

ముత్యాలు కత్తి ఆగింది.

"ఏం లే..." అనబోయి ఆగిపోయాడు. చెట్టు మీద ఉన్నాడు. నా మీద బరువు పెరిగినట్టనిపించింది.

"అండాలు గుండె కరాబైంది అల్లుడా. వచ్చే నెల ఆపరేషన్ అన్నరు. చేయకపోతే బతకదన్నరు."

నరేందర్ అరిచాడు. ఆ మాట తోపంతా వినబడింది.

"నిన్న నోట్లె మన్ను వోసుకున్నవానె! గిది చెప్పవా?"

"చెట్లు పంచినోన్ని గదరా. నాకోసం నేనెట్లడుగుత?"

"చెట్టడుగుతున్నవానె నువ్వు? అత్త పానం గదనే అది!"

ముత్యాలు ఏడ్చాడు. అంత ఎత్తున మనిషి ఏడిస్తే కన్నీళ్లు నేల చేరేలోపే గాలికి పోతాయి. నేను అతడిని గట్టిగా పట్టుకున్నాను. నేను చేయగలిగింది అదొక్కటే.

నరేందర్ కత్తిని నడుముకు దోపుకున్నాడు. తర్వాత రెండు చేతులూ నోటికడ్డం పెట్టుకుని తోపు వైపు తిరిగాడు.

"ఓ సత్తయ్య మామా! పట్నం పోకు! నేను బీమాల ఉన్న! సర్కారుతోని కొట్లాడుడు కొట్లాడుదం, కట్టుడు కడ్దం. అండాలత్తకు ఆపరేషనున్నదట. ఎవలెవలున్నరో చెప్పుండ్రి! చెట్టు మీదున్నరు, అబద్ధమాడకుండ్రి!"

కాసేపు ఏమీ వినబడలేదు. మట్టల చప్పుడు తప్ప ఏదీ లేదు. నేను ఎన్నో వానలు చూశాను, పిడుగు పడి పక్క చెట్టు మొవ్వు కాలిపోవడం చూశాను. ఆ నిశ్శబ్దానికి వేసినంత భయం నాకెన్నడూ వేయలేదు.

"నేనున్న!" అని దూరంగా ఒక చెట్టు మీంచి కేక వచ్చింది.

"నేనున్న!" అని ఇంకో దిక్కు నుంచి వచ్చింది. "నేను గూడ!" "నన్ను రాసుకో సత్తయ్యా!" అంటూ తోపు అన్ని మూలల నుంచీ గొంతులు లేచాయి. చీకట్లో మనుషులు కనబడటం లేదు. ఆకాశమే మాట్లాడుతున్నట్టుంది. నిన్న చెయ్యెత్తి కాదన్నవాళ్లే ఈ రోజు చెట్ల చివరన వాలి, రెండు చేతులూ వదిలేసి, ఉన్నామంటున్నారు. నా నారలన్నీ జలదరించాయి.

అప్పుడొక గొంతు నెమ్మదిగా వచ్చింది. ఐలయ్యది. ఇద్దరు ఆడపిల్లల ఇంటి ఖర్చుతో సతమతమయ్యే మనిషి.

"నేను లేనే. అబద్ధమాడలేను. పాత వంతే కష్టంగ కట్టిన, సగమంటే నాతోని గాదు."

ఎవరూ అతడిని తప్పుపట్టలేదు.

"నీకు పెరిగిన దాంట్ల సగం నేనేస్త," అన్నాడు దూరపు చెట్టు మీంచి మొదట ఉన్నానన్న మనిషి.

"మిగిలింది నేనేస్త," అన్నాడు నరేందర్. "గని ఐలన్నా, సర్కారు ఆఫీసు ముందట ధర్నాకు నువ్వే ముందుండాలె."

"ఉంట," అన్నాడు ఐలయ్య.

పేదవాడి ప్రీమియం ఎవరు కట్టాలి, ఎంత కట్టాలి అని పట్నంలో పెద్దపెద్ద గదుల్లో, ఏసీల కింద మాట్లాడుకుంటారని విన్నాను. అక్కడ ఏమంటారో నాకు తెలియదు. నేను చూసింది ఇదొక్కటే. తెల్లవారేలోపు తోపులో మాటలు అయిపోయాయి, అందరూ గెలలు గీసుకోవడంలో పడ్డారు. ముత్యాలు మాత్రం చాలాసేపు గీయలేకపోయాడు.

ఆ ఏప్రిల్‌లోనే అండాలుకు ఆపరేషన్ అయింది. ధర్నా కూడా అయింది. సర్కారు తన వాటా కొంచెం పెంచింది, తర్వాత ఒక ఏడు తగ్గించింది, మళ్లీ పెంచింది. ప్రతి మార్చిలోనూ ఆ గదిలో అదే లొల్లి. ఇస్తే మంచిదేనని ఒకరు, ఇవ్వడం వాళ్ల బాధ్యత అని ఒకరు, మన కాళ్ల మీద మనం నిలబడదామని ఇంకొకరు. లొల్లి అయ్యాక అందరూ కట్టి పోయేవాళ్లు.

నాకు వయసైపోయింది. తోలు పగిలి, నార బయటపడింది. ఒక ఉగాది తర్వాత ముత్యాలు నన్ను కళ్లకద్దుకుని, ఆ గది గోడకే తగిలించి, కొత్త మోకు కట్టుకున్నాడు. పారేయలేదు. నాకు అంతకన్నా ఏం కావాలి?

మొన్న మార్చి మీటింగులో కొత్తగా సొసైటీలో చేరిన సైదులు అనే మనిషి ప్రీమియం సంగతి విని పెదవి విరిచాడు. నరేందర్ వైపు తిరిగాడు. నరేందర్ చెంపలు ఇప్పుడు నెరిశాయి. ఇన్నేళ్లలో ఒక్కసారైనా ఆసుపత్రి మెట్లెక్కలేదు, బీమా నుంచి పైసా తీసుకోలేదు.

"అన్నా, నువ్వు ఏండ్ల కొద్ది కడ్తనే ఉన్నవట. ఒక్కపారి గూడ వాడుకోలే. ఏమొచ్చింది నీకు?"

గదిలో అందరూ నరేందర్ జవాబు కోసం చూశారు. నేనూ చూశాను. నరేందర్ చెయ్యెత్తి అందరినీ ఊరుకోమన్నాడు. బయట కల్లు మండువ దగ్గర ఒక ఆడమనిషి గొంతు చించుకుని అరుస్తోంది. కడిగి బోర్లించిన లొట్టిని ముత్యాలు కాలితో తన్నాడట. కళ్లు నెత్తిమీదికెక్కినయా అని అడుగుతోంది, ముసలితనమొచ్చినా సోయి రాలేదంటోంది. ముత్యాలు ఏదో గొణిగాడు. దానికి ఇంకో నాలుగు తగిలించింది.

"ఇనబడుతున్నదా?" అన్నాడు నరేందర్.

"ఏంది?"

"గదే వచ్చింది."

సైదులు కాసేపు విని, జేబులో చెయ్యి పెట్టాడు. బయట అండాలు తిట్టడం ఇంకా ఆపలేదు.