తడి పిలక

నీటి పక్షులను లెక్కపెట్టడం అత్త ఉద్యోగం. ఉదయం గట్టు మీద నుంచి, మధ్యాహ్నం సరస్సు నడిమికి పడవలో వెళ్లి లెక్కపెడుతుంది. పడవలో ఆమె వెనక ఇంకొక్కరికే చోటు. మూడు చలికాలాలుగా గట్టు మీదే కూర్చుని నోటుపుస్తకాలు నింపిన అక్క, ఈసారి ఆ చోటు తనదేననుకుంది.

కానీ చెల్లి కూడా వెంటపడింది. వచ్చిన గంటకే అత్త తన బైనాక్యులర్ తీసి చెల్లి మెడలో వేసింది. అక్కకు ఒళ్లు మండిపోయింది. మూడేళ్లలో ఒక్కసారైనా తనకిచ్చిందా?

అత్త అవతలి గట్టుకు వెళ్లగానే చెల్లి గంతులేసింది.

"అక్కా, అదుగో! ముక్కు మొదట్లో తెల్లగా!"

గోధుమరంగు బాతొకటి బుడుంగున మునిగి, దూరంగా తేలింది. తల నున్నగా ఉంది.

"పిలక లేదు! అయితే రోజూ వచ్చే పిలక బాతు కాదే. అత్త చెప్పిందే, ఎప్పుడో గానీ రాని రకం, అదే ఇది!"

అక్క పలకలేదు. మునిగి లేచిన బాతుకు పిలక తడిసి మెడకు అతుక్కుపోతుందని ఆమెకు తెలుసు. పిలక బాతుల్లో కొన్ని ఆడవాటికి ముక్కు దగ్గర తెలుపు ఉంటుందనీ తెలుసు.

బాతు మునగడం మానేసి ఈకలు సవరించుకుంది. కాసేపటికి తల వెనక చిన్న పిలక, నిద్రలేచిన పిల్లాడి జుట్టులా నిక్కింది. చెల్లి తల వంచుకుని రాస్తోంది.

'రాయనీ. అత్త ముందు తెల్లమొహం వేస్తే తెలిసొస్తుంది.'

అత్త తిరిగొచ్చింది. చెల్లి కాగితం అందించింది.

"పెన్సిల్‌తోనే రాశానత్తా. అక్క సరేనంటే పెన్నుతో దిద్దుతా."

అక్క చెవులు వేడెక్కాయి.

"పిలక ఉంది," అని గొణిగింది.

అత్త చెల్లి మెడలోని బైనాక్యులర్ తీసుకుని చూసింది. "ఉంది. ఎప్పుడు చూశావే?"

"ఇందాకే."

"ఇది రాస్తున్నప్పుడా?"

అక్క తల దించుకుంది. అత్త తిట్టలేదు. తిడితే బాగుండేది.

"నా వెనక కూర్చునేవాళ్లు చూసింది చూసినట్టు అప్పుడే చెప్పాలమ్మా. లేకపోతే నా లెక్కంతా పోతుంది," అంటూ లైఫ్‌జాకెట్ చెల్లికి తొడిగింది.

"నువ్వెళ్లక్కా. నాకు నీళ్లంటే భయం," అంది చెల్లి.

ఆ మంచితనమే అక్కను ఎక్కువ మండించింది. "నాకేం అక్కర్లేదు, పో!"

పడవ కనుమరుగయ్యాక అక్క నోటుపుస్తకం తెరిచి పెన్నుతో రాసింది: పిలక బాతు, ఆడది, ఒకటి. 'ముందు చూసినవారు' దగ్గర చాలాసేపు ఆగింది. చివరికి చెల్లి పేరే రాసింది, పెన్సిల్‌తో.