రెండో తాళంచెవి

నేను ఒక ఇత్తడి తాళంకప్పను. ఈ ఉదయం ఇథియోపియాలోని ఒక యూనివర్సిటీలో, ఇంగ్లీషు శాఖాధిపతి గెటచు బల్ల మీద ముద్దాయిలా పడి ఉన్నాను.

నేను కాపలా కాసిన బీరువాలోంచి పరీక్ష పేపరు బయటికి పోయింది. నిన్న పరీక్ష మొదలుకాకముందే పిల్లల ఫోన్లలో తిరిగింది. గెటచు నన్ను తిప్పి తిప్పి చూశాడు. నా ఒంటి మీద గీత కూడా లేదు.

"పగలగొట్టలేదు. తాళంచెవితోనే తీశారు," అన్నాడు.

ఆయన చూపు తలుపు దగ్గర నిలబడ్డ వర్కినెష్ మీద పడింది. ఆమె గదులు తుడిచే మనిషి. పనికిచ్చిన నీలం కోటు అంచుతో కళ్ళు తుడుచుకుంటోంది.

"తాళంచెవి ఉన్న బ్యాగు గదిలోనే వదిలి క్లాసుకి వెళ్తారట కదా?" అని నా యజమానురాలు సువర్చలని అడిగాడు గెటచు.

ఒక్కోసారి వదులుతానంది సువర్చల. అంతే, వర్కినెష్ నేరం సగం రుజువైపోయింది.

నన్ను తెరిచిన చెయ్యి ఈ గదిలోనే ఉంది. అది వర్కినెష్‌ది కాదు. కానీ తాళాన్ని సాక్ష్యం అడిగే అలవాటు మనుషులకి లేదు.

నేను పుట్టింది అలీగఢ్‌లో. కరిగిన ఇత్తడిని అచ్చులో పోసి, ఒళ్ళంతా ఆకురాయితో గీకి, రెండు తాళంచెవులు మెళ్ళో కట్టి లోకంలోకి తోశారు. తెనాలిలో ఒక ఇనపసామాన్ల కొట్లో చాలాకాలం మేకుకి వేలాడాను. అక్కడికి వచ్చింది సువర్చల. ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పి విసిగి, ఇక్కడి ఉద్యోగానికి ఒప్పుకున్న మనిషి.

"గట్టిదేనా బాబూ? దేశం కాని దేశం వెళ్తున్నాను."

"దీన్ని చూస్తే దొంగే విసుగొచ్చి మీ ఇంటికి కాపలా కాస్తాడమ్మా," అన్నాడు కొట్టతను.

ఇక్కడికొచ్చాక నన్ను క్వార్టర్స్ తలుపుకి వేసింది. కొండల మీది ఊరు. చలి, సగం రోజు వాన. క్లాసులో ఆమె ఇంగ్లీషు యాస పిల్లలకి అంతుపట్టలేదు, వాళ్ళది ఆమెకి అంతుపట్టలేదు. ఇంటికొచ్చి గోడకేసి చూస్తూ కూర్చునేది. ఒకనాడు ఆ గోడ అవతల తెలుగు వినపడింది.

అక్కడుండేది నరసరావుపేట దంపతులు. ఆయన అదే శాఖలో సీనియర్ లెక్చరర్. సువర్చల ఆయన్ని అన్నయ్యగారు అనేది, ఆయన భార్యని వదిన అనేది. ఆ రోజే అన్నం, గోంగూర పచ్చడి పట్టుకొచ్చారు.

"మొహమాటపడకమ్మాయ్. వీళ్ళ పుల్లట్టు తిని ఎన్నాళ్ళు బతుకుతావు?" అన్నాడాయన.

సువర్చలకి కళ్ళనీళ్ళు ఆగలేదు. మర్నాడే నా రెండో తాళంచెవి వాళ్ళింట్లో ఇచ్చింది. మన వీధుల్లో పద్ధతి అదే కదా, ఒకటి పారేసుకుంటే పక్కింట్లో ఇంకొకటి ఉండాలి. మనుషులు చిత్రమైనవాళ్ళు. దొంగలకి భయపడి తాళం కొంటారు, పచ్చడి పెట్టినవాళ్ళకి తాళంచెవి ఇచ్చేస్తారు.

కొన్నాళ్ళకి పరీక్ష పేపరు తయారుచేసే పని ఆమెకి పడింది. శాఖలో పేపర్లు పెట్టే బీరువా తాళం తుప్పు పట్టి ఉంది. నా దగ్గర మంచిదుందంటూ నన్ను ఇంటి తలుపు నుంచి ఊడదీసి బీరువాకి వేసింది. ఇంటికి బజార్లో వేరేది కొంది. రెండో తాళంచెవి సంగతి మర్చిపోయింది.

అన్నయ్యగారు మర్చిపోలేదు. ఆయన ఉద్యోగ ఒప్పందం ఈ ఏడాదితో ముగుస్తోంది. తన క్లాసు పిల్లలు ఫెయిలైతే పొడిగించరు. వాళ్ళు ఫెయిలయ్యేలాగే ఉన్నారు. శనివారం మధ్యాహ్నం శాఖ ఖాళీగా ఉన్నప్పుడు వచ్చాడు. రెండో తాళంచెవి నాలో పెట్టి తిప్పాడు. తన చెవి తిరిగితే తెరుచుకోవడం తప్ప తాళానికి వేరే దారి లేదు.

"మొత్తం ఒక్క తాళంచెవేనా?" గెటచు గొంతు విసుగ్గా ఉంది.

సువర్చలకి రెండోది ఇప్పుడు గుర్తొచ్చింది. మెల్లగా పక్కకి తిరిగింది. తోడుగా వచ్చానంటూ అన్నయ్యగారు ఆమె పక్కనే నిలబడి ఉన్నాడు.

"ఊరుకో అమ్మాయ్," అన్నాడు తెలుగులో, పెదవులు కదిలీ కదలకుండా. "తాళంచెవి ఇంకొకళ్ళకిచ్చానంటే ముందు నిన్నే పంపించేస్తారు. వచ్చి ఏడాదన్నా కాలేదు. దానిదేముంది, ఇంకోచోట తుడుచుకుంటుంది."

"మీరా?"

"మీ వదిన మొహం చూసన్నా ఊరుకో."

"ఏమంటున్నారు?" అడిగాడు గెటచు.

"ధైర్యం చెబుతున్నాను. కొత్త కదా, బెదిరిపోయింది," అన్నాడు ఇంగ్లీషులో.

గెటచు వర్కినెష్ వైపు తిరిగి వాళ్ళ భాషలో రెండు ముక్కలన్నాడు. ఆమె ఏడుపు ఆగిపోయింది. కోటు గుండీలు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టింది. క్లాసుగది దొరక్క వరండాల్లో తిరిగిన తొలిరోజు సువర్చలని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది ఆమే.

"ఆగమనండి," అంది సువర్చల. "రెండో తాళంచెవి ఉంది. ఇచ్చింది నేను. దానికి నన్ను పంపించేస్తే వెళ్తాను. ఈమె మాత్రం ఏమీ ఎరగదు."

"ఎవరికిచ్చారు?"

అన్నయ్యగారు అని పిలిచిన మనిషిని పేరు పెట్టి అనడం మనకి అలవాటు లేదు. ఇన్నాళ్ళలో ఆ పేరు ఆమె నోట నేను వినలేదు. ఆమె ఆయన వైపు చూడలేదు.

"మార్కండేయులుకి. పేపరు తీసింది మార్కండేయులు."