చెవిలోని సాంచ

సూరత్ శివారు భేస్తాన్‌లో సాంచలు ఆగిపోయి నెల దాటేసరికి అక్కడి తెలుగువాళ్లకు ఇంకో జబ్బు పట్టుకుంది. కరోనా కాదు, దాని గోల దానికే ఉంది. ఇది చెవులకు పట్టిన జబ్బు. సాంచలంటే కరెంటు మగ్గాలు. ఒక్కో షెడ్డులో పదులకొద్దీ సాంచలు, నూలు మోసే నాడె అటూ ఇటూ కొట్టుకుంటూ, పగలూ రాత్రీ ఖట్ పట్‌మని మోగుతుంటే వాటి మధ్యే తిని, వాటి పక్కనే పడుకుని బతికిన మనుషులు వాళ్లు. లాక్‌డౌన్ పుణ్యమా అని అవన్నీ ఒక్కసారిగా నోరు మూసుకునేసరికి ఆ నిశ్శబ్దం వాళ్లకు పడలేదు. అన్నం కలుపుకుంటుంటే ఖట్ పట్. కునుకు పడుతుంటే ఖట్ పట్. లేని సాంచ చెవిలో ఆడుతూనే ఉండేది. మొదట భయపడ్డారు, తర్వాత ఒకరి మీద ఒకరు పరాచికాలాడుకున్నారు, ఆ తర్వాత పట్టించుకోవడమే మానేశారు.

ఐలమ్మకూ ఆ చప్పుడు వినిపించేది. సిరిసిల్ల పక్క పల్లె నుంచి కండెలు చుట్టే పనికి ఆమె సూరత్ వచ్చిన నాడు తమ్ముడు మహేశ్ ఆమె కొంగు పట్టుకుని రైలు దిగాడు. తల్లి లేదు, కట్టుకున్నవాడు పెళ్లయిన కొన్నాళ్లకే పోయాడు, ఇక లోకంలో ఆమెకు మిగిలింది వాడొక్కడే. వాడికి సాంచ పని దగ్గరుండి నేర్పింది. భేస్తాన్ పక్కనే ఉన్ అనే బస్తీలో ఇద్దరూ ఒకే ఖోలీలో, ఒంటిగదిలో ఉండేవారు. పని లేక కాళ్లు కాలిన పిల్లిలా తిరిగి తిరిగి, వారం కిందట వాడు సంచి సర్దుకున్నాడు. "బార్డోలీ చక్కెర మిల్లుల లోడింగ్ పని దొరికిందక్కా. జల్ది వస్త, పరేషాన్ కాకు" అని పోయాడు. పోయిన గంట నుంచీ ఫోను స్విచాఫ్. ఐలమ్మ రోజుకు పదిసార్లు చేసేది. ఆ ఫోనులో మాట్లాడే ఆడమనిషి గొంతును ఆమె అసహ్యించుకోవడం మొదలుపెట్టింది.

అలాంటి రోజుల్లో ఒకనాటి పొద్దున ఎవరో మహానుభావులు భేస్తాన్ సాంచల గల్లీ మొదట్లో డ్రమ్ములు పెట్టి పేల్చారు. ఎవరు, ఏ పగతో అన్నది పోలీసులు తేల్చుకోవాల్సిన విషయం. డ్రమ్ముల్లోంచి వచ్చింది మామూలు పొగ కాదు. నేలను అంటిపెట్టుకుని మెల్లగా పాకే పసుపుపచ్చ ఆవిరి. గల్లీ కుక్కలు ఎక్కడివక్కడ కూలాయి. మధ్యాహ్నానికల్లా చుట్టుపక్కల జనాన్ని బడిలోకి తోలి, కరెంటు తీసేసి, రోడ్డుకు అడ్డంగా తాళ్లు కట్టారు. సాయంత్రానికి విషవాయువుల పని చూసే సైనిక దళం ట్రక్కుల్లో దిగింది.

దళం అంటే ముసుగులు తొడుక్కుని లోపలికి పోయే నలుగురైదుగురే కళ్లముందు మెదులుతారు. వాళ్లు కాసేపు లోపల ఉండాలంటే బయట ఎంతమంది చేతులాడాలో ఎవరికీ పట్టదు. మే నెల ఎండలో రబ్బరు సూట్లలో ఉడికిపోయే మనుషులకు ఐసు కావాలి, ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు కావాలి. బయటికొచ్చాక సూట్ల మీది విషం కడగడానికి ట్యాంకర్లకు ట్యాంకర్లు నీళ్లు, బ్లీచింగ్ పొడి, వీటన్నిటికీ జనరేటర్, దానికి డీజిల్. ఇవన్నీ సమకూర్చేవాడు హవల్దార్ జయదేవ్. శ్రీకాకుళం వాడు, స్టోరు అతని చేతిలో ఉంటుంది. లాక్‌డౌన్‌లో కూలీ మనిషి దొరక్క తల పట్టుకుని బడి దగ్గరికి వెళితే అక్కడ తెలుగు వినిపించింది. అతనికి ప్రాణం లేచొచ్చింది.

నీళ్ల ట్యాంకర్ల పని ఐలమ్మకు అప్పజెప్పాడు. పొరుగింటి గంగవ్వను తోడిచ్చాడు. మూతులకు మాస్కులు, సగం చెవుడున్న సాంచల జనం, ఎవరి మాటా ఎవరికీ అందడం లేదని ఐలమ్మ చేతికి ఒక మైకు కూడా ఇచ్చాడు.

"అమ్మా, ఈ గల్లీ మీకు తెలిసిందే కదా. లోపల మనుషులెవులైనా ఉండిపోనారేటి?" అని ముందే అడిగాడు.

"ఎవ్వరు లేరు సారూ. లాక్‌డౌన్ పడ్డసంది సాంచలు బందే. షట్టర్లకు బయటికెళ్లి తాళాలేసున్నయి, జూడుండ్రి" అంది ఐలమ్మ. షెడ్ల యజమానులైన సేఠ్‌లూ ఫోన్లలో అదే చెప్పారు. ఖోలీలు వెతకండి, తాళాలున్న షెడ్లు వదిలేయండి అని కెప్టెన్ దళానికి చెప్పాడు.

తాళ్లకు ఇవతల, గల్లీ నోటికి ఎదురుగా ట్యాంకరు నిలబెట్టారు. అక్కణ్నుంచి చూస్తే లోపల తీగల మీద లుంగీలు ఆరేసినవి ఆరేసినట్టే ఉన్నాయి. ఒక గడపలో ముగ్గు చెక్కుచెదరలేదు. కాకి కూడా లేదు. కాసేపటికొకసారి ఆ పసుపు మసకలోంచి మొహాల్లేని మనుషులు మెల్లగా నడిచి వచ్చేవారు, నీళ్ల కింద చేతులు చాపి నిలబడేవారు. ఎవరు ఎవరో తెలిసేది కాదు. ముసుగు తీశాక లోపల చెమటతో నానిన పిల్లవాడి మొహం కనబడితే, హమ్మయ్య, మనిషే అనుకునేది ఐలమ్మ.

పొద్దు వాలుతుండగా ఆమెకు సాంచ వినిపించింది.

ఖట్ పట్. ఖట్ పట్. ఎక్కడో లోతుగా, బట్టలో చుట్టినట్టు. ఐలమ్మ పట్టించుకోలేదు. మైకు నోటికి పెట్టుకుని, "ట్యాంకర్ పీఛే లావ్, భాయ్! ఔర్ పీఛే!" అని ట్యాంకరును వెనక్కి తెమ్మని అరిచింది. చప్పుడు ఒక్కసారిగా జోరందుకుంది. ఆమె నోరు మూసింది. అది కాసేపు గట్టిగా కొట్టుకుని నీరసపడింది. మళ్లీ ఐసు బండిని పిలిచింది. మళ్లీ జోరు. తన గొంతుకు ఆ సాంచ జవాబిస్తోందా అన్న ఆలోచన వచ్చి, ఆ ఆలోచనకే భయపడి, మైకు కింద పెట్టేసింది.

"గంగవ్వా, నీకేమన్న ఇనవడ్తుందా?"

"ఏంది, సాంచనా?" గంగవ్వ బ్లీచింగ్ బస్తా విప్పుతూ తల కూడా ఎత్తలేదు. "ఇనవడకేం, పొద్దుమాపు అదే లొల్లి. నా మొగడు సచ్చి ఐదేండ్లాయె, నిన్న ఆయన పక్కపొంటి నిలవడి నడుపుతున్నట్టే ఇనవడ్డది. జర చెవుల దూది వెట్టుకో."

"మాట్లాడితే ఎక్కువైతుందే."

"నోరు మూసుకుంటే తక్కువైతదిగద మరి, మూసుకో" అని నవ్వింది గంగవ్వ. ఐలమ్మ కూడా నవ్వింది. సైనికులను అడుగుదామా అనుకుంది గానీ, పిచ్చిదని పని తీసేస్తారేమోనని ఊరుకుంది. అయినా వాళ్లు ముసుగుల్లో తమ ఊపిరి తప్ప ఇంకేమీ వినలేరు. మిగతావాళ్లంతా జనరేటర్ హోరు పక్కన డేరాల్లో ఉన్నారు. ఆ రాత్రి బడిలో పడుకునే ముందు ఆమె మళ్లీ మహేశ్‌కు ఫోను చేసింది. స్విచాఫ్. బార్డోలీలో ఉండి బతికిపోయాడులే, ఈ విషం వాడి మీదికి రాలేదు, అదే చాలనుకుని దేవుడికి దండం పెట్టుకుంది.

తెల్లవారి వచ్చేసరికి జయదేవ్ మొహం వాడిపోయి ఉంది. ఎంత కడిగినా, ఒకసారి వాడిన సూటు మళ్లీ వాడడానికి లేదు. కొత్త సూట్లతో రావాల్సిన ట్రక్కును రాష్ట్రం సరిహద్దులో కరోనా తనిఖీ పేరుతో ఆపేశారు. డ్రైవరుకు జ్వరమట. స్టోరులో మిగిలినవి నాలుగే. లోపలికి పోయినవాళ్లలో ఎవరైనా కూలితే తీసుకురావడానికి ఉంచిన సూట్లవి. అవి ముట్టుకోకూడదన్నది దళం కట్టుబాటు. అందుకే ఆ పూటకు లోపలికి పోవడం ఆపేశారు. డీజిల్ కూడా అడుగంటింది. కొత్త పీపా వచ్చేలోగా జనరేటర్ ఆపి, మాస్కు కిందికి లాగి, జయదేవ్ టీ గ్లాసుతో ట్యాంకరు దగ్గరికి వచ్చాడు.

జనరేటర్ ఆగేసరికి ఊరు ఊరంతా చెవిటిదైపోయినట్టుంది. ఐలమ్మ చెవిలో మాత్రం సాంచ ఆడుతూనే ఉంది. నిన్నటంత జోరు లేదు. ఖట్, అని ఆగి, చాలాసేపటికి పట్. నూలు తెగినప్పుడు కూడా సాంచ అలా కుంటదు.

జయదేవ్ టీ తాగబోతూ ఆగాడు. తల ఒక పక్కకు వంచాడు.

"అమ్మా, ఆ చప్పుడేటి?"

ఐలమ్మకు అర్థం కాలేదు. "ఏ చప్పుడు సారూ?"

"అదే, గల్లీలోంచి. ఎవులో ఇనుము మీద కొడతన్నట్టు... ఇదిగో, మళ్లీ. మీకు ఇనపడలేదేటి?"

ఐలమ్మ అతని మొహంలోకి చూసింది. ఈ మనిషి జన్మలో సాంచ మొహం చూడలేదు. ఇతని చెవిలో సాంచ ఎందుకుంటుంది? ఆ మాట తలలో పూర్తయ్యేలోపే ఆమె తాళాలేసిన షట్టర్ల వైపు తిరిగింది. ట్యాంకరు చక్రం పట్టుకుని నిలబడింది. నిన్న సాయంత్రం నుంచీ విన్నదంతా నిజం. తన గొంతు వినబడినప్పుడల్లా గట్టిగా కొట్టిందీ నిజమే. బయట తాళం వేసి లోపల దొంగచాటుగా సాంచలు నడిపిస్తున్న సేఠ్‌లున్నారని నెలరోజులుగా గుసగుసలున్నాయి. పోలీసులకు తెలియకుండా, వీడియోలు తీస్తారని ఫోన్లు గుంజుకుని, ఇంట్లోవాళ్లకు ఇంకేదో పని చెప్పించి మరీ తీసుకుపోతున్నారని. చక్కెర మిల్లులో లోడింగ్ పని. లాక్‌డౌన్‌లో.

"సారూ, లోపల మనుషులున్నరు! నా తమ్ముడున్నడు సారూ, నా తమ్ముడే!" ఆమె తాడు కింది నుంచి దూరబోతే జయదేవ్ రెండు చేతులా పట్టి ఆపాడు. ఆమె అతని చేతులు గీరింది, తిట్టింది, చివరికి మైకు లాక్కుని గల్లీలోకి అరిచింది. "తమ్మీ! మహేశూ! ఇనవడ్డదిర! అక్కకు ఇనవడ్డదిర!"

ఖట్, అంది లోపల. ఒకే ఒక్కసారి. ఇక వినిపించలేదు.

జయదేవ్ కెప్టెన్ డేరాలోకి పరుగెత్తాడు. ఏం మాట్లాడుకున్నారో గానీ నిమిషాల్లో బయటికొచ్చి, ముట్టుకోకూడని ఆ నాలుగు సూట్ల పెట్టె తనే పగలగొట్టాడు. నలుగురు తొడుక్కున్నారు. కటింగ్ మిషను మోసుకుంటూ పసుపు మసకలో కలిసిపోయారు. షట్టరు కోసే రొద విని బడిలో ఉన్న జనమంతా తాళ్ల దగ్గరికొచ్చి నిలబడ్డారు. వాళ్లలో ఒక ముసలామె ఏడుస్తూ చెప్పింది, తనకూ నిన్నటి నుంచీ వినిపించిందని. తర్వాత ఇంకొకాయన చెప్పాడు. అంతమందీ విన్నారు. ఎవరి చెవిని వాళ్లే తిట్టుకుని ఊరుకున్నారు.

మొదటి స్ట్రెచరు మీద రాజనర్సు వచ్చాడు. మహేశ్ పక్క సాంచ నడిపే పెద్దమనిషి. ప్రాణం ఉంది. నీళ్ల కింద కడిగి తాడు దగ్గరికి తెచ్చేసరికి ఐలమ్మను గుర్తుపట్టాడు. మూతికి పెట్టిన ఆక్సిజన్ గొట్టం పక్కకు తోసి మాట్లాడాడు.

"షట్టర్ కిందికెళ్లి పొగ జొచ్చింది బిడ్డా. ఎనుక గోడకు జరిగి తడిబట్టలు కుక్కుకున్నం. ఒర్రితే ఊపిరాడకపాయె. నిన్న మాపటీలి నీ గొంతు ఇనవడ్డది మైకుల. మా అక్క మామా, అక్క బయటనే ఉన్నదని మహేశ్ ఎగిరిండు. నాడె తీస్కొని సాంచను కొట్టుడు మొదలువెట్టిండు. సాంచ లెక్కనే కొడ్త, మా అక్క సాంచల మనిషి, ఎంటనే గుర్తువడ్తది అన్నడు." అతను ఊపిరి అందక ఆగాడు. "తెల్లారగట్ల చెయ్యి వడిపోయింది. నాడె నా చేతిల వెట్టి, ఆపకు మామా, అక్క ఇంటుంది అన్నడు. గంతే బిడ్డా. ఆ తర్వాత కొట్టింది నేనే."

ఐలమ్మ ఏడవలేదు. "ఇన్న మామా," అంది. "నిన్నటిసంది ఇన్న."

రెండో స్ట్రెచరును ఎవరూ తొందరగా మోయలేదు. మొహం మీద గుడ్డ కప్పి ఉంది. విషం అంటిన ఒంటిని కడగనిదే తాడు దాటించకూడదు, అది చచ్చినవాడికైనా బతికినవాడికైనా ఒకటే. ముసుగు మనుషులు ఇద్దరు గొట్టం పట్టుకుని నిలబడి, నీళ్లు వదలమని ఇటు చెయ్యి ఊపారు. నీళ్లు వదిలే తూము మర ట్యాంకరుకు ఇవతలి పక్క ఉంది.

ఆ రోజుల్లో సూరత్‌లో ఎందరో కొడుకులు తండ్రుల మొహమైనా చూడలేదు. స్నానం చేయించే మాట దేవుడెరుగు, మూటకట్టి తీసుకుపోతుంటే దూరం నుంచి దండం పెట్టారు. జయదేవ్ కళ్లు తుడుచుకుని తూము మీద చెయ్యి వేశాడు. "మీరు కూకోండమ్మా. నేను ఇప్పుతాను."

ఐలమ్మ అతని చెయ్యి మెల్లగా తీసేసింది.

"వానికి నీళ్లు చల్లగుంటే నచ్చదు సారూ. ట్యాంకర్ ఎండకున్నది, ఎచ్చగనే ఉంటయి తియ్యి" అని, కొంగు నడుముకు దోపుకుని, తూము తిప్పింది.