ఏజెంటు పేరు నాగవల్లి

“పొద్దున్నే ఏం మాటలే అవి? నీ నోటమ్మట ఒక్క మంచి మాట రాదా?” అంది అచ్చయమ్మ, ఖాళీ కాఫీ గ్లాసు కోడలి వైపు జరుపుతూ.

నాగవల్లి అన్నది పెద్ద మాటేమీ కాదు. కాలేజీకి బయల్దేరుతున్న కూతురితో, “బస్సు మెట్టు మీద నిలబడకు హరీ, మొన్న కాలవలో పడ్డ ఆటో సంగతి విన్నావు కదా, దిగగానే ఫోన్ చెయ్యి” అంది. అంతే. హరిప్రియ “అబ్బా, అమ్మా!” అని చెప్పులేసుకుని గేటు దాటేసింది. వరండాలో పేపరు చదువుకుంటున్న భర్త గంగాధర్ నవ్వాడు.

“నీ కోడలు యముడి ఆఫీసులో గుమాస్తాగా చేరాల్సిందే అమ్మా. ఎవరికెలా రాసిపెట్టుందో పొద్దున్నే చదివేస్తాది.”

నాగవల్లి కొబ్బరి కోరుతూనే ఉంది. ఈ నవ్వు ఆమెకు పెళ్ళయిన కొత్తలోనే అలవాటైపోయింది. గ్యాసు కట్టేశానా, అత్తగారు బీపీ మాత్ర వేసుకున్నారా, నూతి దగ్గర నాచు మీద ఎవరైనా జారతారా, వానొస్తే మీటరు బోర్డులోకి నీళ్ళు దిగుతాయా, ఈయన బండి వెనక టైరు అరిగిపోయిందే, దారంతా కొబ్బరి లోడు లారీలే కదా... ఇలా పొద్దున్నించీ ఆమె తలలో ఒక మోటారు తిరుగుతూనే ఉంటుంది. భయపడటం కూడా ఇంటిపనేనని, మరెవరూ చెయ్యరు గనుక అదీ తన మీదే పడిందని ఆమె ఎప్పుడూ పైకి అనలేదు. ఈ ముగ్గురూ ఇంత నిశ్చింతగా ఉన్నారంటే, ముగ్గురి చింతా తనొక్కతే మోస్తోంది కాబట్టి. గిన్నె తోమితే మెరుస్తుంది, ఎవరో తోమారని తెలుస్తుంది. భయపడితే ఏం తెలుస్తుంది? ఏమీ జరగలేదు కదా, ఊరికే కంగారు పడ్డావంటారు.

ఈ పనులు కాక బయట ఉద్యోగం. అంబాజీపేట నుంచి ఆటోలో అమలాపురం వెళ్ళి, ఒక డాక్టరుగారి దగ్గర, వచ్చినవాళ్ళ పేరూ వయసూ రాసుకుని చీటీలిస్తుంది. పదో తరగతి చదువుకి దొరికిన కుర్చీ అది. అందులో కూర్చుంటే, ఇంట్లో ఆమె పడే భయాలన్నీ ఎవరో ఒకరికి నిజమై, గుమ్మంలోంచి నడిచి వస్తూ ఉంటాయి. గంగాధర్ దాన్ని ఉద్యోగం అనడు. “మా ఆవిడ కాలక్షేపానికి వెళ్తాదండి” అంటాడు. ఆ కాలక్షేపానికి ముందు రెండు కూరలు, అందరి క్యారేజీలు, అత్తగారి మోకాళ్ళకి నూనె. తిరిగొచ్చాక మళ్ళీ అవే.

ఇన్సూరెన్సు సంగతి ఆ ఇంట్లోకి మాణిక్యాలరావు గారితో వచ్చింది. ఆయన ఒక బీమా కంపెనీలో డెవలప్‌మెంట్ ఆఫీసరు. కొత్త ఏజెంట్లని చేర్పించుకోవడం ఆయన పని.

“మీరు మండలాఫీసులో గవర్నమెంటు ఉద్యోగం, మీ పేరు మీద ఏజెన్సీ కుదరదండి. మేడంగారి పేరు మీద తీసేసుకోండి. అందరూ చేసేది అదే కదండీ.”

“ఆవిడకేం తెలుసండీ? ఉత్త కంగారు మనిషి.”

“ఆయ్, తెలియక్కర్లేదండీ! పరీక్షొకటి రాయాలి, ఆ పైన సంతకాలే. తిరగడం, మాట్లాడటం అంతా మీరేగా.”

వాళ్ళిద్దరి మధ్యా నాగవల్లి టీ ట్రే పట్టుకుని నిలబడి ఉంది. ఆమె గురించిన మాటలు ఆ ట్రే మీదుగానే అటూ ఇటూ పోయాయి. కప్పు అందుకుంటూ అప్పుడడిగాడు గంగాధర్. “ఏమే, రాస్తావా? నీలాంటోళ్ళు కూడా పాసవుతారంట.”

రాసింది. పప్పు ఉడికేలోపు ఒక పేజీ, ఆటోలో ఒక పేజీ, క్లినిక్కులో జనం పల్చబడ్డప్పుడు ఒక పేజీ చదివి మరీ రాసింది. పాసైన రోజు గంగాధర్ ఆఫీసులో “మాకు ఏజెన్సీ వచ్చింది” అని మిఠాయి పంచాడు. ఖాళీ డబ్బా ఇంటికి తెచ్చి, పప్పులు పోసుకోవడానికి పనికొస్తుందన్నాడు.

అయితే పరీక్షకి ముందు పెట్టిన శిక్షణ తరగతుల్లో విన్న ఒక మాట నాగవల్లిని వదల్లేదు. పాఠం చెప్పే ఆయన బోర్డు మీద ఇల్లు బొమ్మ గీసి, “ఈ ఇంట్లో జరగరానిది ఏదైనా జరిగితే, మర్నాడు పొద్దున్న ఆ ఇల్లాలు ఏం చేస్తుందో కళ్ళకి కట్టాలి. కట్టినవాళ్ళే మంచి ఏజెంట్లు” అన్నాడు. నాగవల్లి పెన్ను కింద పెట్టేసింది. తను ఇన్నేళ్ళుగా చేస్తున్నది ఇదే కదా! ఇంట్లో దీన్ని జబ్బంటున్నారు. ఇక్కడ పనితనం అంటున్నారు.

ఆ తరవాత అమలాపురంలో ఏజెంట్ల మీటింగు. కళ్యాణ మండపంలో మహిళా ఏజెంట్లకి సన్మానం. మైకులో ఒక శ్రీమతి గారి పేరు పిలవగానే ముందు వరసలోంచి మీసాలున్న ఒకాయన లేచి వెళ్ళి శాలువా కప్పించుకున్నాడు. ఇంకో శ్రీమతి గారు బట్టతలతో వెళ్ళారు. మరో శ్రీమతి గారు నోట్లో కిళ్ళీ ఉమ్మేసి వచ్చేదాకా మైకు ఆగింది. ఒక్కళ్ళూ నవ్వలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. శాలువాలు ఎవరి పేరు మీద వచ్చాయో వాళ్ళు వెనక వరసల్లో పిల్లల్ని ఆడించుకుంటూ కూర్చున్నారు. గంగాధర్ ఆమె వైపు వంగి, “వచ్చే ఏడు మనం” అన్నాడు. మనం అంటే ఎవరో నాగవల్లికి తెలిసిపోయింది. ఒక్క పాలసీ, ఒక్కటంటే ఒక్కటి, తన నోటితో చెప్పి తన చేత్తో రాయకపోతే, మిగిలిన ఈ పేరు కూడా తనది కాకుండా పోతుందని భయం పట్టుకుంది. ఈ భయం మిగతా వాటిలాంటిది కాదు. ఇందులో ఎవరూ చచ్చిపోరు. అయినా ఇదే ఎక్కువ బాధించింది.

క్లినిక్కులో ఆయాగా చేసే బేబీ ముందుగా అడిగింది. “మా ఆయనకి రాయండి మేడంగారండీ. ఇద్దరు పిల్లలండి, సముద్రం మీద బతుకండి. ఆదివారం మా ఇంటికి రండి, మా అత్తకి కూడా ఓ మాట చెబుదురు గాని.”

ఆదివారం నాగవల్లి రెండు పూటలకీ వండేసి, మురమళ్ళ గుడికని ఇంట్లో చెప్పి, బేబీ వాళ్ళ ఊరు ఓడలరేవుకి ఆటో ఎక్కింది. అబద్ధమాడినందుకు దారి పొడుగునా ఆ గుళ్ళో వీరేశ్వరస్వామికి దణ్ణాలు పెట్టుకుంటూనే ఉంది.

బేబీ అత్త అప్పాయమ్మ ఇంటి ముందు ఎండుచేపలు తిరగేస్తోంది. పీట వేసి మంచినీళ్ళిచ్చి మర్యాద చేసింది. నాగవల్లి కొంగు సర్దుకుని, నేర్చుకున్నది నేర్చుకున్నట్టు మొదలుపెట్టింది. “మీ అబ్బాయికి, జరగరానిది ఏదైనా జరిగితే...”

అప్పాయమ్మ చేతిలో చేప కింద పడింది. “ఆపమ్మా! నా కొడుకు నీళ్ళ మీదున్నాడు.”

“అది కాదండీ, నేననేది...”

“ఆడు గట్టెక్కేదాకా ఈ గుమ్మంలో ఆ మాట మేం తలుచుకోనన్నా తలుచుకోం. చదువుకున్నదానివి, మా ఇంటికొచ్చి, నా పీట మీద కూకుని ఆ మాటంటావా? లే! ముందు లేమ్మా అక్కణ్ణుంచి!”

బేబీ “అత్తా, అత్తా” అంటూనే ఉంది. ఇరుగుపొరుగు వచ్చారు. నాగవల్లి వీధి మలుపు తిరిగి చూసేసరికి, ఆమె కూర్చున్న చోట అప్పాయమ్మ చెంబుతో నీళ్ళు చల్లుతోంది.

ఆటోలో ఆమెకి ఏడుపు రాలేదు. తన మీద తనకే ఒళ్ళు మండింది. బస్సెక్కిన హరిప్రియ గురించి ఎవరైనా తన గడపలో నిలబడి ఆ మాటంటే తను ఊరుకునేదా? ప్రపంచంలో భయమంతా తన ఇంట్లోనే ఉన్నట్టు, ఆ ఇంటి భయం సంగతే మర్చిపోయి నోరు తెరిచింది. వేటకెళ్ళినవాడి ఇంటికి వెళ్ళేముందు వాడు ఒడ్డున ఉన్నాడా అని అడగాలని ఏ శిక్షణలోనూ చెప్పలేదు. చెప్పాలా? అంతలోనే ఇంకో భయం వచ్చి మీద కూర్చుంది. తన నోటి మాట తగిలి ఆ బోటుకి ఏమైనా అయితే?

ఇంటికొచ్చేసరికి టీవీలో బంగాళాఖాతంలో అల్పపీడనం అంటున్నారు.

మర్నాడు వీధిలోకి చేపలు తెచ్చిన మనిషి, చేపలతోపాటు కబురూ తెచ్చింది. సాయంత్రం గంగాధర్ బండి స్టాండు కూడా వెయ్యలేదు.

“గుడికని చెప్పి రేవులకి తిరుగుతున్నావా? నిన్నెవరు తిరగమన్నారే? సంతకం పెట్టవే తల్లీ అంటే, ఊళ్ళ మీద పడి అపశకునాలు పలుకుతావా? ఆఫీసులో తెలిస్తే నా పరువేం కాను?”

“ఇంట్లో అనేది చాల్లేదు కాబోలు,” అంది అచ్చయమ్మ.

“ఇకనించి నువ్వెక్కడికీ వెళ్ళక్కర్లేదు. నేను చూసుకుంటాను. నువ్వు సంతకం పెట్టు, చాలు.”

నాగవల్లి లోపలికి వెళ్ళి బియ్యం కడిగింది. ఆమె మనసంతా సముద్రం మీద ఉంది. రోజూ క్లినిక్కులో చెప్పులు విప్పుతూనే, “వచ్చేరా బేబీ?” అని అడిగేది. “ఇంకా లేదండి.” మధ్యాహ్నం గాలి విసురుగా వస్తే మళ్ళీ అడిగేది. “ఫోను కలిసిందా?” “నీళ్ళ మీద ఎక్కడ కలుస్తాదండీ!” చీటీల్లో వయసులు తప్పు రాస్తోందని డాక్టరుగారు కసిరారు. ఇంట్లో పులుసులో ఉప్పు రెండుసార్లు పడింది. ఎవరో ఎరుగని మనిషి కోసం ఇలా అన్నం సయించకుండా ఉండటం ఏమిటని ఆమెకే విసుగొచ్చింది. ఇంత విసుగులోనూ ఆ మనిషి గట్టెక్కితే చాలనే కోరిక మాత్రం తగ్గలేదు.

ఒకనాటి పొద్దున్న క్లినిక్కు ఇంకా తెరవకముందే బేబీ మెట్ల మీద నవ్వుతూ నిలబడి ఉంది. పక్కన నల్లగా, పొడుగ్గా ఒక మనిషి, చేతిలో సంచీ.

“ఈయనేనండి త్రిమూర్తులు. మా ఆయనండి.”

నాగవల్లి అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయింది.

“మా అమ్మ తిట్టిందంటండీ,” అన్నాడు త్రిమూర్తులు, నేరం తనదైనట్టు. “ఏమనుకోకండి. ఆవిడంతేనండి. నేను నీళ్ళ మీదుంటే నా బంగారం అంటాది, గట్టు మీదుంటే నన్నూ తిడతాది.”

“తప్పు నాదే బాబూ. నేనే తెలీక...”

“నేనొచ్చేనా లేదా అని రోజూ అడిగేరంట కదండీ. మా బోటు ఓనరు కూడా అడగలేదండి అలాగ.” సంచీ మెట్టు మీద పెట్టాడు. “పండుగొప్ప చేపండి, ఇంటికి పట్టుకెళ్ళండి. ఆ కాగితాలేయో మీరే రాయండి. ఇంకెవురికీ చెప్పను. ఈ ఆదివారం మేం బోటెక్కం, ఇంటికొచ్చేయండి. మా అమ్మే రమ్మందండి, కాపోతే ఆ మాట మటుకు మెల్లిగా అనమందండి.”

బేబీ పకపకా నవ్వింది. నాగవల్లి కూడా నవ్వింది. తన భయానికి ఒక మనిషి విలువ కట్టడం ఆమె బతుకులో అదే మొదటిసారి.

ఆ సాయంత్రం ఆమె పులుసులోకి చేప ముక్కలు కడుగుతుంటే గంగాధర్ వంటింట్లోకి వచ్చి, గట్టు మీద పాలసీ కాగితాలు పరిచి పెన్ను పెట్టాడు. ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ అని వేలితో చూపించాడు. అన్నీ అతనే నింపేశాడు. చెయ్యి తుడుచుకుని నాగవల్లి మొత్తం చదివింది. అతను ఆశ్చర్యంగా చూశాడు. ఏజెంటు రాయాల్సిన చోట, ఈ వ్యక్తి మీకు ఎంతకాలంగా తెలుసు అన్న దగ్గర చాలా ఏళ్ళుగా అని ఉంది. స్వయంగా కలిశారా అంటే అవును. ఆరోగ్యంగా కనిపించారా అంటే అవును.

“ఈ దొరబాబు గారెవరండీ?”

“మా ఆఫీసాయన. నీకెందుకు? పెట్టు.”

“ఆయన నాకు తెలీదు కదండీ.”

“నాకు తెలుసు కదే!”

“మరి ఇక్కడ నాకు తెలుసని ఉందండీ. రేపు ఏదైనా తేడా వస్తే, ఆ ఇంటావిడ వచ్చి నిలదీసేది నన్ను. మీ పేరు ఇందులో ఎక్కడా లేదు.” పెన్ను మూత పెట్టేసింది. “వాళ్ళింటికి వెళ్తాను. ఆయన్నీ, ఆవిణ్ణీ చూసి మాట్లాడి, అప్పుడు పెడతాను. ఆదివారం మటుకు కుదరదు, ఓడలరేవు వెళ్తున్నాను.”

“మళ్ళీ మొదలెట్టింది,” అంది అచ్చయమ్మ గుమ్మంలోంచి. “మొగుడు పెట్టమంటే పెట్టడానికి ఇంత చర్చేంటే?”

గంగాధర్ మొహం ఎర్రబడింది. కాగితాలు లాక్కుని మడిచాడు. “నువ్వు ఏజెంటువనుకుంటున్నావా ఏంటి? నీ పేరు వాడుకున్నాను, అంతే. రేపే మాణిక్యాలరావుతో చెప్పి ఈ ఏజెన్సీ రద్దు చేయించేస్తాను. పీడా పోద్ది.”

నాగవల్లి తలలో మోటారు ఎప్పటిలాగే గిర్రున తిరిగింది. ఈయన మాట్లాడటం మానేస్తారేమో, హరి చదువు మీద ఈ కోపం చూపిస్తారేమో, క్లినిక్కు కూడా మాన్పించేస్తారేమో, పుట్టింటికి కబురెడతారేమో. అన్నీ వచ్చాయి, వరసగా నిలబడ్డాయి. వాటి మధ్యలోంచే ఆమె మాట్లాడింది.

“ఇలాంటిదేదో వస్తుందని భయమేసి, శిక్షణప్పుడే అడిగి ఉంచుకున్నానండీ. రద్దు చెయ్యాలన్నా ఏజెంటు సంతకమే కావాలంట.”