మిషన్ బయటే ఉండాలి

మిషన్ పెట్రోలు మూత మీద తను అంటించిన టేపు చెక్కుచెదరలేదు. అయినా డిటెక్టివ్ దాని అంచును గోటితో గీకి చూశాడు. ఎవరో ఊడదీసి, మళ్లీ అతికించి ఉండొచ్చు.

డిటెక్టివ్ అన్న పేరు తోటి పనివాళ్లు పెట్టింది. ఇరవై రెండేళ్లుగా అతను నీళ్లు చిమ్మే ప్రెషర్ గన్నుతో ఇతరుల గోడలూ మెట్లూ బస్సులూ కడుగుతున్నాడు. వేళ్ల చర్మం నానిన అట్టలా ముడతలు పడిపోయింది. ఎడమ అరచేతిలో గుండుసూది మొనంత మచ్చ ఉంది. ఒకప్పుడు నీటిధార దూరిన చోటది. చీమ కుట్టినట్టుందని వదిలేస్తే మూడో రోజుకి చెయ్యి కుండలా వాచింది. అప్పట్నుంచి ధార ఆపిన మరుక్షణం ట్రిగ్గరుకు లాక్ వేస్తాడు. మిషన్‌ని నమ్మకూడదని నేర్చుకున్నాడు. పోను పోను మనుషుల్ని కూడా.

"మీ నీడ వెనక వస్తున్నా ఎవరు పంపారని అడుగుతారు" అంటుంది భార్య.

ఇవాళ ఒక పెద్ద భవనం కింద సెల్లార్ కడగాలి. ఇంజిను, పంపు బిగించిన చక్రాల బండి ర్యాంపు పైన ఆరుబయట ఉంది. పైపు సగం దూరమే వస్తోంది. వెనక గోడకి అందదు.

జోడీగా పనిచేసే బావమరిది టీ ఫ్లాస్కు అందించాడు. "అందినంత వరకూ కడిగి ఆపు బావా. గంటలో వచ్చేస్తా."

"ఎక్కడికి?"

"చిన్న పనుంది."

"చిన్న పనికి వ్యాను తాళాలెందుకు?"

"నడిచెళ్తే పెద్ద పనైపోద్ది బావా. ఇదిగో, ఇంజిన్ మాత్రం లోపలికి దించకు. ఆ పొగ కంటికి కనపడదు. మనిషిని పడుకోబెట్టేస్తది."

"నువ్వు నిక్కర్లేసుకునేప్పట్నుంచి కడుగుతున్నాను. నాకు చెప్పకు."

బావమరిది వ్యాను చాటుకెళ్లి ఫోన్ తీశాడు. డిటెక్టివ్ బూటు లేసు కట్టుకుంటున్నట్టు వంగి చెవి పెట్టాడు.

"అక్కా, బావకి చెప్పకు. చెబితే వద్దంటాడు. ఏదేమైనా మిషన్ బయటే ఉండాలి."

మిషన్ బయట. తను లోపల. వ్యాను వాడి చేతిలో. ఎక్కించుకుపోవడానికి ఎంతసేపు పడుతుంది? పైగా భార్య కూడా కలిసిందన్నమాట! ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. తను పట్టుకుంటాడు.

వ్యాను మలుపు తిరగ్గానే బండిని ర్యాంపు మీదుగా కిందికి దించాడు.

"లోపలికెందుకన్నా?" అన్నాడు వాచ్‌మన్.

"కళ్లముందుంటే మంచిది."

పొగ సంగతి తెలియక కాదు. ర్యాంపు తెరిచే ఉంది, అరగంట పనే అనుకున్నాడు. వెనక గోడ మీద ఏళ్లనాటి మసి చారలు చారలుగా ఊడి, లోపలి తెలుపు బయటపడుతోంది. ఒక్కో చార కాగానే వెనక్కి తిరిగి బండి వైపూ ర్యాంపు వైపూ చూస్తున్నాడు. ఎవరూ రాలేదు.

తల బరువెక్కింది. ఇందాక తాగిన టీలో ఏమైనా కలిపారా? ఫ్లాస్కు మూత తీసి వాసన చూశాడు. టీ వాసనే. అయినా మిగిలింది నేల మీద పారబోశాడు.

పైకెళ్లి గాలి పీల్చుకోవాలి. కానీ తను వెళ్తే ఇక్కడ బండి ఒంటరిగా ఉంటుంది. వాళ్లకి కావలసింది అదే కదా. ట్రిగ్గరుకు లాక్ వేసి, గన్ను ఒళ్లో పెట్టుకుని, చక్రానికి వీపు ఆనించి కూర్చున్నాడు. ఒక చెయ్యి పైకెత్తి బండి పిడి పట్టుకున్నాడు. రెండు నిమిషాలు కళ్లు మూసుకుంటే చాలనిపించింది.

ఇంజిను ఆగలేదు.

చెప్పినట్టే గంటలో వ్యాను వచ్చింది. ర్యాంపు పైన బండి లేదు. శబ్దం కింది నుంచి వస్తోంది. భుజం మీది బరువు జారవిడిచి, "బావా!" అంటూ పరిగెత్తబోయిన బావమరిదిని వాచ్‌మన్ నడుం పట్టుకుని ఆపాడు. ముఖాలకు మాస్కులు బిగించుకున్న అగ్నిమాపక సిబ్బంది వచ్చి, కిందికి దిగి డిటెక్టివ్‌ని మోసుకొచ్చారు. వేళ్లు ఇంకా పిడిని పట్టుకున్నట్టే వంగి ఉన్నాయి.

అంబులెన్సు తొందరపడకుండా వెళ్లింది. బావమరిది కూడా అందులోనే వెళ్లాడు. ర్యాంపు మొదట్లో, జారిపడిన చోటే, వెనక గోడ దాకా అందేంత పొడుగైన కొత్త పైపు కట్టు విప్పని చుట్టగా పడి ఉంది.