ఆమెన్ అన్నాకే ముద్ద

సత్తెనపల్లి కాలేజీలో ముప్పై ఏళ్లు చరిత్ర చెప్పి రిటైరైన సాల్మన్‌కి పాత విద్యార్థులు ఒక పని అప్పగించారు. వచ్చే నెల అందరూ అమరావతిలో కలుసుకుని స్తూపం, మ్యూజియం చూడాలట. దిగడానికి రెండు హోటళ్లు అనుకున్నారు. "ఒక్కోదాంట్లో ఒక్కో రోజు ఉండి, ఏది బాగుందో చెప్పండి సార్," అన్నాడు వాళ్లలో ఒకడైన ప్రకాష్.

దీని వెనక కూతురు లిడియా ఉందని సాల్మన్‌కి తెలుసు. భార్య ప్రేమమ్మ పోయి నాలుగు నెలలైంది. అప్పట్నుంచీ ఆయన పళ్లెం ఒక్కసారీ ఖాళీ కాలేదు. బెల్టుకి రెండు బెజ్జాలు కొత్తగా పొడవాల్సి వచ్చింది.

"హోటళ్ల సంగతి తర్వాత నాన్నా. ఒక్క పూట కడుపునిండా తిన్నానని ఫోన్ చెయ్యి. లేదా ఆస్పత్రిలో పడేసి సెలైన్ ఎక్కిస్తా," అంది లిడియా, బస్సెక్కిస్తూ.

ఆకలి వేసేది. కానీ ముప్పై నాలుగేళ్లు ప్రేమమ్మ కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తే, ఆమెన్ అన్నాకే ఆయన అన్నంలో చెయ్యి పెట్టాడు. ఇప్పుడు పళ్లెం ముందు చెయ్యి ఆగిపోయేది. తానే ప్రార్థన చేద్దామంటే మాట పెగిలేది కాదు. నాలుగు మెతుకులు కతికి లేచిపోయేవాడు.

మొదటిరోజు నది ఒడ్డున పెద్ద హోటలు. పరుపు మీద కూర్చుంటే నడుం దాకా దిగబడింది. గదిలో చెప్పులు రెండు జతలు, గ్లాసులు రెండు. ఒక జత చెప్పుల్ని బీరువాలో పెట్టేశాడు. కిటికీలో కృష్ణ కనిపించింది. బాగుందనీ అనిపించలేదు, బాగాలేదనీ అనిపించలేదు.

భోజనానికి ముప్పై రకాలు. అన్నం, పప్పు పెట్టించుకున్నాడు. చెయ్యి ఆగింది.

"కారమెక్కువైందా సార్?" సర్వరు కోటేష్ వంగి అడిగాడు.

"గుంటూరు జిల్లావాణ్ణయ్యా. కారానికి భయపడతానా?"

కోటేష్ ఇంకేమీ అడక్కుండా, చల్లారిన పళ్లేన్ని రెండుసార్లు తీసి వేడిది తెచ్చిపెట్టాడు. అలా ఊరుకున్నందుకు సాల్మన్ అతని పేరు డైరీలో రాసుకున్నాడు. తినడం మాత్రం కాలేదు.

మర్నాడు బస్టాండు వెనక మధ్యరకం హోటలు. దుప్పటి మూల చిరిగితే కుట్టారు. "ఒక్కరేనాండీ?" అని ఒక్క తలగడే పంపారు. అది నయమనిపించింది.

మధ్యాహ్నం రెండున్నరకి భోజనాల హాలు దాదాపు ఖాళీ. పళ్లెంలో అన్నం, ముద్దపప్పు, పండుమిరప పచ్చడి. చెయ్యి ఆగింది.

ఎదుటి బల్ల దగ్గర, వంటగది చూసుకునే జాన్‌బీ అప్పుడే తన భోజనం ముగించింది. తల మీదికి కొంగు లాక్కుని, రెండు అరచేతులూ పైకెత్తి లోలోపల గొణుక్కుంది. ఆ గొణుగుడు ఆగిన చోట సాల్మన్ నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఆమెన్!"

హాలంతా వినపడింది. జాన్‌బీ అరచేతులతో ముఖం తడుముకుని, "ఆమీన్," అంది.

"ఏమీ అనుకోకమ్మా. అలవాటు... మా ఆవిడ ప్రార్థన చేసేది..."

ఆమె ఆయన పళ్లెం చూసింది. "నాది తిన్నాక చేసే దువా పెద్దాయనా. మీరింకా మొదలే పెట్టలేదు. ఆమెన్ అనేసి నా వంట చల్లారబెడతారా?"

అప్పటికే ఆయన వేళ్లు అన్నంలో ఉన్నాయి. ఏడుపు రాలేదు. సంతోషమూ రాలేదు. పచ్చడికి చెవులు వేడెక్కాయి. మారు అన్నం అడిగాడు. మజ్జిగ కూడా.

"తిన్నానమ్మా," అని లిడియాకి ఫోన్ చేశాడు.

"నిజంగా?"

"మారు పెట్టించుకున్నా."

అవతల ముక్కు చీదిన చప్పుడు.

తర్వాత ప్రకాష్‌కి చెప్పాడు: "గదులు పెద్ద హోటల్లోవే బాగున్నాయి. అక్కడ కోటేష్ అని మంచి మనిషి కూడా ఉన్నాడు. మనం మాత్రం చిన్నదాంట్లో దిగుదాం. భోజనం రెండున్నరకి."

"రెండున్నరా? ఆకలికి చచ్చిపోతాం సార్!"

"కాస్త ఆగండిరా," అన్నాడు సాల్మన్.