నోరు లేని గుమ్మడికాయ

కృష్ణకు మునుపెన్నడూ లేనంత వరద వచ్చి కర్నూలు మునిగిన ఏడు అది. మా వైపు లంకల్లోవాళ్ళను కరకట్టల మీదికి చేర్చారని, నేపర్‌విల్‌లో మా అమ్మాయి ఇంట్లో కూర్చుని టీవీలో చూశాను. ఆ నెలాఖరునే ఇక్కడ హాలోవీన్ వచ్చింది.

పిల్లలు దయ్యాల వేషాలు వేసుకుని ఇంటింటికీ తిరిగి చాక్లెట్లు అడుక్కునే పండగ అని అప్పటికే తెలుసు. పెద్దవాళ్ళు కూడా వేషాలు కట్టి ఆటలాడతారని ఆ ఏడే తెలిసింది. మా అమ్మాయి జయంతి పిల్లలిద్దరూ కాలేజీ చదువులకు పోయారు. ఇల్లు బోసిగా ఉంది, ఈసారి మనమే ఆడదాం అని జయంతి పట్టుబట్టింది. ఇంటర్నెట్‌లో వెతికి పెద్దవాళ్ళ ఆటలు పోగుచేసింది. అల్లుడు కృష్ణమోహన్ యముడి కిరీటం కొన్నాడు.

నేను మూడో తరగతితో బడి మానేసినవాణ్ణి. రైసు మిల్లులో పనిచేశాను. మిల్లు ఆడుతుంటే పక్కవాడి మాట పక్కవాడికి వినపడదు. మాట్లాడే అలవాటు అక్కడే పోయింది. ఇంటికొస్తే మా ఆవిడ తన వాటా, నా వాటా కలిపి మాట్లాడేది. ఆవిడ పోయాక నా వాటా అలాగే మిగిలిపోయింది.

మాట్లాడని మనిషికి ఒక చిక్కుంది. అందరూ వచ్చి వాళ్ళ సంగతులు చెప్పుకుంటారు. గోడకు చెప్పుకున్నట్టే, కాకపోతే ఈ గోడ కాఫీ తాగుతుంది.

అంకిత అలా చెప్పుకున్న పిల్లే. మా వీధి చివర టౌన్‌హౌస్‌లో ఉంటుంది. హనుమకొండ అమ్మాయి. మొగుడు తేజేశ్వర్‌ది గుడివాడ. ఇద్దరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు. శనివారాలు నన్ను కారెక్కించుకుని గుడికి తీసుకుపోయేది. అక్టోబరులో ఒక శనివారం ఎర్రలైటు దగ్గర కారు ఆపి, రోడ్డుమీద నుంచి చూపు తిప్పకుండా, తనకు రెండో నెల అని చెప్పింది. ఈలోగా పచ్చలైటు పడింది. వెనక కారువాడు హారన్ కొట్టాడు.

ఉగాదినాడు కూడా ఇలాగే రెండో నెల. అప్పుడు అందరికీ చెప్పారు. అందరూ స్వీట్లు పెట్టారు. తరవాత అది నిలవలేదు. ఆ పైన ఏ ఇంటికి భోజనానికి పోయినా ఆడవాళ్ళు దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకుని, తల పక్కకు వంచి చూసేవాళ్ళు.

"పోయిందని నేను ఏడ్చుడు అయిపోయింది తాతా. వాళ్ళు అట్ల జూస్తే మళ్ళ ఏడ్వాల్సి వస్తది. ఈసారి మూడో నెల దాటేదాంక ఎవ్వరికీ తెల్వద్దు. మా అమ్మకి గూడ చెప్పలే. తేజ ఆగలేక వాళ్ళమ్మకి చెప్పిండు, అంతే."

మరి నాకెందుకు చెప్పావమ్మా అని అడిగాను. ఎవరికన్నా చెప్పకపోతే పగిలిపోయేలా ఉన్నానంది. మీరైతే సేఫ్ తాతా అని నవ్వింది.

ఆ పిల్ల భయమంతా సరోజమ్మగారి గురించి. ఆవిడ డాక్టరు రామమోహనరావుగారి భార్య. ఈ ఊరికి వచ్చిన మొదటి తెలుగువాళ్ళలో వాళ్ళొకరు. చుట్టుపక్కల ఏ తెలుగుపిల్ల నీళ్ళోసుకున్నా డాక్టరుకంటే ముందు ఆవిడ పసిగడుతుందని చెప్పుకునేవారు. మర్నాటికి పచ్చళ్ళూ సున్నుండలూ వస్తాయి, వాటి వెంట ఊరు వస్తుంది. చెడ్డమనిషి కాదు. ప్రేమే. అందుకే తప్పించుకోవడం కష్టం.

హాలోవీన్ శనివారం పడింది. సాయంత్రానికి ఇల్లు దయ్యాలతో నిండింది. తేజేశ్వర్ కంటికి నల్లగుడ్డ కట్టుకుని సముద్రపు దొంగ అయ్యాడు. అంకిత పిల్లి చెవులు పెట్టుకుంది. సరోజమ్మగారు కంచిపట్టు చీర మీద మంత్రగత్తె టోపీ పెట్టింది. నాకు వేషం వద్దన్నాను. చలికి మంకీ టోపీ, శాలువా వేసుకుని మూలన కుర్చీలో కూర్చున్నాను. వచ్చినవాళ్ళలో ఒకాయన నన్ను చూసి కాస్ట్యూమ్ అదిరింది అంకుల్ అన్నాడు.

ఆటలు మొదలయ్యాయి. దూలానికి దారాలు కట్టి డోనట్లు వేలాడదీశారు. చేతులు వెనక్కి పెట్టుకుని నోటితో అందుకుని తినాలి. యముడికి మీసాలనిండా చక్కెరే. తరవాత టాయిలెట్ పేపర్ చుట్టలు తెచ్చి జంటలో ఒకరు రెండోవాళ్ళను చుట్టారు. ఎవరు ముందు ఈజిప్టు శవంలా తయారైతే వాళ్ళు గెలిచినట్టు. ఆ కాగితం కాళ్ళకడ్డం పడి డాక్టరుగారు సోఫాలో కూలబడ్డారు. నేను నవ్వాను. నవ్వడానికి మాట్లాడక్కర్లేదు.

ఆ పైన చీకటిగదిలో గిన్నెలు. చెయ్యి పెట్టి అదేమిటో చెప్పాలి. తొక్క తీసిన ద్రాక్షపళ్ళు కనుగుడ్లట, నూనె రాసిన చల్లటి నూడుల్స్ పేగులట. అంకిత చెయ్యి పెట్టింది, ఆ నూనె వాసన ముక్కుకు తగలగానే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బాత్రూములోకి పోయింది. మిగతావాళ్ళు భయపడిందని నవ్వారు. సరోజమ్మగారు నవ్వలేదు. ఆవిడ టోపీ ఒక్కసారి బాత్రూము వైపు తిరిగి, మళ్ళీ ఇటు తిరిగింది.

చివరి ఆట గుమ్మడికాయలది. జంటకొక కాయ, ఒక కత్తి. భర్త కోయాలి. భార్య చేతులు కట్టుకుని, కళ్ళెక్కడ, నోరెక్కడ, ఎంత కోయాలో నోటితో చెప్పాలి. గంట మోగేలోగా మొహం తయారవ్వాలి. మన ఆడవాళ్ళు నిండు గుమ్మడికాయ మీద మొదటి కత్తి పెట్టరు కదా, అందుకే ఆటను ఇలా మలిచానని జయంతి గొప్పగా చెప్పింది. అందరూ మెచ్చుకున్నారు.

ఆ ఆచారంలో సగమే దానికి గుర్తొచ్చింది. రెండో సగం నాకు గుర్తొచ్చింది. ఇల్లాలు కడుపుతో ఉంటే మగవాడు గుమ్మడికాయ కొట్టడు. కొబ్బరికాయా కొట్టడు.

తేజేశ్వర్ కత్తి తీసుకున్నాడు. మొన కాయకు ఆనింది. లోపలికి దిగలేదు.

నమ్మకాలున్న కుర్రాడు కాదు. అయితే ఉగాది రోజుల్లో కొత్త కారు కొని, గుడి ముందు పెట్టి, కొబ్బరికాయ కొట్టాడు. ఆ తరవాత అంతా జరిగాక వాళ్ళమ్మ ఫోనులో, కాయ ఎవరు కొట్టారురా అని ఒక్కమాట అడిగిందట. అంకితే చెప్పింది. ఇక అప్పట్నుంచీ గుళ్ళో టెంకాయల బుట్ట కనిపిస్తే అవతలి పక్కనుంచి నడుస్తాడని నవ్వుతూ చెప్పింది.

చుట్టూ కత్తులు ఆడుతున్నాయి. డాక్టరుగారు ఆపరేషన్ చేసినంత శ్రద్ధగా కోస్తున్నారు. సరోజమ్మగారు మొగుడికి చెప్పడం మానేసి పక్కబల్ల వైపు చూసింది.

"ఏం తేజా, కత్తి పట్టుకుని ఫొటోకి నిలబడ్డావా?"

"లేదాంటీ, డిజైన్ థింక్ చేస్తున్నా."

"గుమ్మడికాయకి డిజైనేమిటయ్యా. రెండు కళ్ళు, ఒక నోరు. కొయ్యి."

అతను కొయ్యలేదు. ఆవిడ చూపు కత్తి మీద నుంచి అంకిత మీదికి పోయింది. అంకిత చేతులు వెనక్కి కట్టుకుని, పిల్లి చెవులతో, నేలను చూస్తోంది. ఇంకో నిమిషం అలాగే నిలబడితే ఆవిడకు లెక్క తేలిపోతుంది. ఇంటినిండా ఆడవాళ్ళున్నారు. రేపటినుంచి మళ్ళీ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని తలలు వంచుతారు.

నేను లేచాను.

"నేను కోస్తా."

యముడు గద కింద పెట్టి, మావయ్యగారు మాట్లాడారు, అందరూ విన్నారు కదా అని సాక్ష్యం తీసుకున్నాడు. ఇది కపుల్స్ ఆట నాన్నా అంది జయంతి.

"నాకు జోడీ లేదు. ఈ అమ్మాయి చెబుతుంది, నేను కోస్తా. అతని చెయ్యి బెణికింది."

ఎప్పుడు బెణికిందని సరోజమ్మగారు అడిగింది.

"పొద్దున. నా మంచం జరిపించాను."

పొద్దున జయంతి, కృష్ణమోహన్ ఈ పార్టీ సామాన్లకే బజారుకు పోయారు కాబట్టి కాదనడానికి ఎవరికీ వీల్లేదు. పైగా నేను అబద్ధం ఆడతానని ఎవరికీ తోచదు. అబద్ధమాడాలంటే ముందు మాట్లాడాలి కదా.

"ఎటు జరిపించావు?" అంది జయంతి.

"కిటికీ దగ్గరికి."

"అక్కడ చలి కదా నాన్నా."

"గాలి కావాలనిపించింది."

నవంబరు ముంగిట నేపర్‌విల్‌లో గాలి కోరుకున్నవాణ్ణి ఎలా చూడాలో అలా చూసింది.

అంతటితో పోయేదే. కాని డాక్టరుగారు కత్తి తుడుచుకుని వచ్చారు, బెణికిన చెయ్యి చూపించమన్నారు. తేజేశ్వర్ ఎడమచెయ్యి చాపాడు. మరి కత్తి కుడిచేత్తోనే పట్టుకున్నావుగా, దాంతో కోయవచ్చుగా అన్నారాయన. తేజేశ్వర్ నావైపు చూశాడు. నా దగ్గర మాటలు అయిపోయాయి.

"రెండు చేతులూ అంకుల్," అన్నాడు.

డాక్టరుగారు కుడిచెయ్యి పట్టుకుని నొక్కారు. నొప్పా అన్నారు. నొప్పే అన్నాడు, కాస్త ఆలస్యంగా. ఆయన కళ్ళజోడు సర్దుకున్నారు. సరోజమ్మగారు మధ్యలోకి వచ్చింది. ఆ రెండు చేతులూ చూసింది. నన్ను చూసింది. తరవాత అంకితను చూసింది. ఈసారి అంకిత తలెత్తింది. అడుక్కున్నట్టు చూసింది, అంతే. ఆ చూపు నాకూ కనిపించింది.

సరోజమ్మగారు టోపీ సర్దుకుంది. తరవాత మొగుడి చెయ్యి తీసి పక్కన పెట్టింది.

"మీరు వదిలేయండి. రిటైరైనవాళ్ళు మీకేం తెలుస్తుంది. బాగా వాచింది."

బల్ల మీద మిగిలిన టాయిలెట్ పేపర్ చుట్ట తీసుకుని తేజేశ్వర్ రెండు మణికట్లకూ చుట్టడం మొదలుపెట్టింది. అందరూ నవ్వారు. సముద్రపు దొంగను పోలీసులు పట్టుకున్నట్టుందని యముడు అన్నాడు. ఆ నవ్వుల్లో, కాగితం చింపుతూ, ఆవిడ అంకితతో మెల్లగా మాట్లాడింది. నేను దగ్గర్లోనే ఉన్నాను కాబట్టి వినపడింది.

"మూడు నెలలు ఇతనితో బరువులెత్తించకమ్మా. నువ్వూ ఎత్తకు. ఎవరన్నా ఎందుకని అడిగితే నేను చెప్పానని చెప్పు, నా దగ్గరికి పంపు."

అంకిత తల ఊపింది. కంట్లో నీళ్ళు తిరిగాయి గాని కిందకు రాలేదు. పిల్లి చెవులు సర్దుకుని, రండి తాతా, టైమైపోతుంది అని నన్ను పిలిచింది.

కోశాను. ఎడమ కన్ను ఇంకాస్త పెద్దగ తాతా, కుడిది కొంచెం పైకి తాతా అని చెబుతుంటే కోశాను. బాగానే చెప్పింది. రెండు కళ్ళూ అయ్యేసరికి గంట మోగింది. నోరు కోయడానికి సమయం లేదు.

కాయలన్నీ వరసగా పెట్టారు. పళ్ళికిలించేవి, నాలుక చాపేవి, డాక్టరుగారిది కొలతపెట్టి కోసినట్టుంది. మధ్యలో మాది, ఊరికే చూస్తూ ఉంది. అచ్చం మావయ్యగారే అన్నాడు కృష్ణమోహన్. చేతులెత్తమంటే అందరూ దానికే ఎత్తారు. తేజేశ్వర్ కాగితం కట్లతో రెండు చేతులూ ఎత్తాడు. బహుమతి ఒక సంచీ చాక్లెట్లు. నాకు షుగరుందని అంకితకు ఇచ్చేశాను.

వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ సరోజమ్మగారు వెనక్కి తిరిగింది.

"జయంతీ, పొద్దున కాఫీకి వస్తాం. అన్నయ్యగారి మంచం కిటికీ దగ్గర ఎలా కుదిరిందో చూడాలి."

నావైపు చూసి టోపీ తీసి చేత్తో పట్టుకుంది. నవ్వలేదు గాని నవ్వినంత పనిచేసింది.

మర్నాడు జయంతీవాళ్ళు లేవకముందే లేచాను. మంచం ఏ కర్రో తెలియదు, ముందు కదల్లేదు. పరుపు దించి, కోళ్ళ కింద తువ్వాళ్ళు దూర్చి తోస్తే కదిలింది. బల్ల మీది గడియారం కింద పడింది. పైనుంచి కృష్ణమోహన్, ఏమైంది మావయ్యగారూ అని కేకేశాడు. ఎప్పట్లాగే జవాబు చెప్పలేదు. మంచం కింద ఎండాకాలం పోయిన నా చెప్పు దొరికింది. కిటికీ దాకా తోసి, పరుపు వేసి, దుప్పటి పరిచాను. నడుం పట్టేసింది. ఇప్పుడు బెణికిన మనిషిని నేనే.

అక్కడినుంచి వీధిమెట్లు కనిపించాయి. మెట్టు మీద మా గుమ్మడికాయ ఉంది. ఒక ఉడత దాని ముందు కూర్చుని, నోరుండాల్సిన చోట కొరకడం మొదలుపెట్టింది. శాలువా కప్పుకుని బయటికి పోయి దాన్ని అదిలించాను. కాయను లోపలికి తెచ్చి మంచం కింద పెట్టాను. అంతలో సరోజమ్మగారి కారు ఆగిన చప్పుడైంది. కిటికీలోంచి చలి సూదుల్లా వస్తోంది. గాలికోసమే పడుకున్నవాడిలా పడుకున్నాను.